దిష్టి చెట్టును లెక్కపెట్టరు

లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు. బాట అంచునున్న చెట్టు మొదలుకొని ఒక్కొక్క మొదలునూ అరచేత్తో తాకుతూ తూర్పుకు నడిచివచ్చిన హైమవతికి ఐదవ చెట్టు కింద చాప కనబడలేదు. ఎండుటాకులున్నాయి, రాలి పగిలిన రసం పండు చుట్టూ గండుచీమలున్నాయి, చాప మాత్రం లేదు. ఏడవ వరస, ఐదవ చెట్టు, ఈతచాప వేసి ఉంది, సర్వేయరుగారు వచ్చేదాకా నీడన కూర్చోండి అని చెప్పింది ఈ మామిడితోటలోనే కాపురముండే రమణమ్మ. ఆ చాప బావికి అవతల, ఆరవ చెట్టు కింద ఉంది. పాపం, లెక్క రాని మనిషి, ఒకటి అటూ ఇటూ అయివుంటుంది అనుకుని, బావిని చుట్టుకుని వెళ్లి హైమవతి దాని మీద కూర్చుంది. అలా అనుకున్నందుకు ఆ క్షణంలో ఆమెకు సిగ్గు కలగలేదు. పద్దెనిమిదేళ్ల పిల్ల, బెజవాడలో సిస్టర్ల దగ్గర ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్ల, సెలవులకు నూజివీడు వచ్చిన నాటినుంచి లెక్కల విషయంలో ఇంట్లోనూ కొట్లోనూ ఆమె మాటకు తిరుగులేదు. సిగ్గుపడవలసిన అవసరం అప్పటికింకా రాలేదు.

లాభం అన్న మాట ఆమె నాలుకను వదలదు. తండ్రి రాఘవయ్య కొట్లో ధాన్యం కొలిచినా, మామిడికాయలు గంపల్లోకి వేయించినా, మొదటిదాన్ని ఒకటి అనడు, లాభం అంటాడు. తర్వాత రెండు, మూడు. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల మెట్లెక్కుతూ కూడా అలాగే లెక్కపెడుతుంది. కాన్వెంటు ప్రార్థనగదిలో కిటికీలు లెక్కపెడుతూ పైకి అనేసినప్పుడు తోటిపిల్లలు నవ్వారు. సిస్టర్ ఆగ్నెస్ నవ్వలేదు, ఆ మాటకు అర్థమడిగి తెలుసుకుని, మంచి అలవాటే, కానీ దేవుడి ఇంట్లో ఒకటి అను అంది. ఆ సిస్టర్ ఆగ్నెసే నల్లబల్ల మీద రెండు మేకులు కొట్టి, సుద్దపొడి అద్దిన నూలుదారం రెంటికీ బిగించి, నడుమ వేలితో ఎత్తి వదిలేది. టప్పుమని తెల్లటి గీత. రెండు చుక్కలివ్వండి, వాటిగుండా ఒక్కటే తిన్నని గీత వెళుతుంది, రెండోది గీయడం దేవుడికి కూడా చేతకాదు అని, అన్నందుకు వెంటనే సిలువగుర్తు వేసుకునేది. హైమవతికి ఆ రోజు వీపు మీద వెంట్రుకలు లేచాయి. దేవుడికి చేతకానిది ఒకటి ఉందని కాదు. అంత ఖచ్చితమైనది ఒకటి ఈ లోకంలో ఉందని, దానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదని.

ఒళ్లో తాను లెక్క కట్టిన కాగితం ఉంది. నకలు, అసలుది బాట దగ్గర బండి పక్కన నిలబడ్డ తండ్రి జేబులో ఉంది. గత ఆదివారం భోజనాలయ్యాక రాఘవయ్య పాత దస్తావేజు తెచ్చి ఆమె ముందు పరిచాడు. ఆగిరిపల్లి దాటాక ఉన్న ఈ తోటలో తూర్పు భాగం ఆయన నిరుడు కొన్నాడు. పడమటి భాగం రమణమ్మది. ఆమె మామగారు ఈ తోట వేసిన మనిషి. బీడు నరికి, గోతులు తీసి, పన్నెండు గజాలకొక ముడి వేసిన మోకు పట్టి, చెట్టుకూ చెట్టుకూ వరసకూ వరసకూ అదే దూరం తప్పకుండా పదిహేడు వరసలు నాటినందుకు అప్పటి దొరగారు ఆయనకు ఒక పక్క రాసిచ్చాడు. ఆ రోజుల్లో తోటకు అడ్డంగా ఏటవాలుగా ఒక కాలువ పారేదట. హద్దు దాన్ని పట్టి పెట్టారు. కాలువ పూడిపోయింది. మిగిలింది దస్తావేజులోని మాటలు: దక్షిణపు గట్టునుంచి మొదటి వరసలో రెండవ చెట్టు, పదమూడవ వరసలో ఎనిమిదవ చెట్టు, ఈ రెంటినీ కలుపుతూ తిన్నగా ఉత్తరపు గట్టు కింది హద్దురాయి దాకా. పడమర తోట వేసినవాడిది, తూర్పు దొరది. ఎవరూ కొలవలేదు, తగువు రాలేదు. జమీందారీ రద్దు చట్టం వచ్చాక, ఈ నలభై తొమ్మిదో సంవత్సరపు వేసవిలో, సర్కారు సర్వేయరు తోటతోటకూ తిరిగి హద్దులు రాస్తున్నాడు. ఒకసారి రాస్తే అదే శాశ్వతం. హద్దుకు ఎటు పడుతుందో తేలవలసినది ఒక్క బావి. రమణమ్మ మొగుడు శ్రీరాములు రెండు వేసవులు ఒంటిచేత్తో తవ్విన బావి. అతను పోయి ఆరేళ్లయినా ఆమె చెట్లకూ, కూరపాదులకూ, కుండకూ నీళ్లిస్తున్న బావి. నాకు పడితే ఆ రోజే కంచె వేయిస్తాను అని రాఘవయ్య దాపరికం లేకుండా చెప్పాడు.

నీ చదువు దేనికి పనికొస్తుందో చూపించు తల్లీ అన్నాడు ఆ ఆదివారం. ఆమె చూపించింది. పావుగంట పట్టలేదు. వరసలో చెట్టు సంఖ్య ఎక్స్, వరస సంఖ్య వై. రెండునుంచి ఎనిమిదికి ఆరు చెట్లు తూర్పుకు జరిగేలోపు, ఒకటినుంచి పదమూడుకు పన్నెండు వరసలు ఉత్తరానికి ఎక్కుతుంది ఆ గీత. అంటే చెట్టుకు రెండు వరసలు. చెట్టు సంఖ్యను రెట్టించి మూడు తీసేస్తే వరస సంఖ్య వస్తుంది. అంతే. ఆ ఒక్క వాక్యంలో గీత మొత్తం ఉంది. రెండును రెట్టిస్తే నాలుగు, మూడు తీస్తే ఒకటి. ఎనిమిదిని రెట్టిస్తే పదహారు, మూడు తీస్తే పదమూడు. బావి ఉన్న ఏడవ వరసలో ఐదు. గీత ఐదవ చెట్టును తాకుతుంది. తండ్రి బాటనుంచి లెక్కపెట్టి చెప్పిన ప్రకారం బావి ఐదుకూ ఆరుకూ నడుమ, అంటే గీతకు తూర్పున, అంటే తండ్రిది. వేసి చూపించినప్పుడు ఆమె మనసులో బావి లేదు, రమణమ్మ లేదు. సమీకరణమే ఉంది, వెలిగించిన లాంతరులా. రాఘవయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని బజారంతా చెప్పాడు: మా అమ్మాయి లెక్క కట్టింది, ఇక దేవుడొచ్చినా తిరగదు.

చాప మీద కూర్చుని ఆమె ఆ గీతను వెతుకుతోంది. కనబడదు. నూటికి నూరుపాళ్లూ ఉన్నది, ఒక్క పాలైనా కంటికి ఆనదు. ఆకులు, కొమ్మలు, కాయలబరువుకు వంగిన రెమ్మలు, పది బారల దూరంలో అన్నీ ఒకే ఆకుపచ్చ గోడ. అయినా ఆ గోడలోంచి అది వెళుతోంది. బేసి వరసల్లో ఒక చెట్టును సరిగ్గా మొదట్లో తాకుతుంది, సరి వరసల్లో రెండు చెట్ల నడుమ ఖాళీలోంచి జారిపోతుంది, మళ్లీ తాకుతుంది, మళ్లీ జారుతుంది, దారానికి గుచ్చిన పూలలా కాదు, పూలకు తెలియకుండా గుచ్చిన దారంలా. గట్టు దగ్గర ఆగుతుందా? ఆగదు. దస్తావేజు ఆగమంటుంది, సమీకరణం ఆగమనదు. ఉత్తరాన గట్టు దాటి పరుల చేలమీదుగా పోతుంది. దక్షిణానికి దిగితే ఒకటో వరస దాటి, చెట్లెవరూ నాటని సున్నా వరస దాటి, ఎదుటి వరిపొలంలో మైనస్ ఒకటి, మైనస్ రెండు, మైనస్ మూడు. అక్కడ, నాటని వరసలో మొలవని చెట్టు దగ్గర, చెట్టు సంఖ్య సున్నా అవుతుంది. లేని చెట్టుకు కూడా చోటు కేటాయించి ఉంది. ఈ తోట పుట్టకముందే కేటాయించి ఉంది. హైమవతి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ప్రార్థనలో కూర్చున్నట్టు కూర్చుంది.

“చాప దొరికిందా అమ్మాయిగారూ?” రమణమ్మ బావిగట్టు మీదికి కడవ ఎత్తి పెడుతూ అడిగింది.

“దొరికింది. నువ్వు ఐదో చెట్టన్నావు, ఇది ఆరోది.”

“ఆరోదేంటండీ? నేను ఈ తోటకి కాపరానికొచ్చి ముప్పయ్యేళ్లు. ఇది ఐదోదే.”

“బాట దగ్గర్నుంచి లెక్కపెట్టుకుంటూనే వచ్చాను.”

“బాట మీది చెట్టుని కూడా వేశారా లెక్కలో?”

“వెయ్యకపోతే ఎలా? అదీ చెట్టేగా.”

“చెట్టే. కానీ దిష్టి చెట్టండీ అది. దాన్ని లెక్కపెట్టరు.” రమణమ్మ కడవ వదిలేసి, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. “దారినపోయే ప్రతోడి కన్నూ ముందు దాని మీదే పడుద్ది. దాని కాయ కూడా దారినపోయేవాళ్లదే. గుత్తకిచ్చినా అది చేరదు. వరసకొకటి. దాని పక్కది ఒకటి, ఆ పక్కది రెండు. మీ కొట్లో మొదటిది లాభమంటారంటగా. మా తోటలో మొదటిది పరులదండి.”

ఆ చివరి మాటలో చురక ఉంది. హైమవతికి అది తగలలేదు. తగిలే చోటు అప్పటికే మరొకటి ఆక్రమించింది. పదో తరగతిలో ఒకసారి ఆమె గళ్లకాగితం మీద అందమైన గీత గీసి ఇచ్చింది, సిస్టర్ ఆగ్నెస్ ఎర్రసిరాతో సున్నా మార్కులేసి ఇచ్చింది. నీ గీత బాగుంది, కానీ అది ఎక్కడా లేదు. ముందు నీ సున్నా ఎక్కడుందో చూపించు, తర్వాత గీత సంగతి మాట్లాడదాం అంది. అక్షాలు గుర్తించడం మరిచిపోయింది ఆ రోజు. ఈ రోజు మరిచిపోలేదు, అంతకంటె పెద్ద తప్పు చేసింది. తన సున్నానే అందరి సున్నా అనుకుంది. బాట వెంబడి దక్షిణంనుంచి ఉత్తరానికి పదిహేడు చెట్లు, దుమ్ముకొట్టుకుని, రాళ్లదెబ్బలు తిని, కాయలు పరులకిచ్చి, ఏ లెక్కలోనూ చేరక నిలబడి ఉన్నాయి. అవే నిలువు అక్షం. ప్రతి చెట్టూ ఒక సున్నా. శూన్యం అని సంస్కృతంలోనూ, జీరో అని ఇంగ్లీషులోనూ ఆమె చదువుకున్నది ఇక్కడ వేళ్లూని, ఆకు వేసి, పూత పూసి, నీడనిస్తోంది. ఎవరు నేర్పారు వీళ్లకు? ఏ సిస్టరూ నేర్పలేదు, ఏ బడీ నేర్పలేదు. మోకు పట్టి తోట వేసిన ఆ ముసలాయనకు, ముందు ఒకదాన్ని వదిలి అక్కడినుంచి కొలవాలని ఎవరు చెప్పారు? ఆకాశంలోంచి ఊడిపడినట్టు తాను బెజవాడనుంచి తెచ్చిన విద్య ఈ మట్టిలో ముప్పయ్యేళ్లుగా పనిచేస్తోంది, తనకు చాప ఎక్కడుందో చెబుతూ.

అయితే రెండవ చెట్టు రెండవది కాదు, మూడవది. ఎనిమిదవది తొమ్మిదవది. వాలు మారదు, చెట్టుకు రెండు వరసలు, అదే నడక. గీత అంతా కలిసి, ఒక్క చెట్టు దూరం, పన్నెండు గజాలు, తూర్పుకు జరుగుతుంది. తలుచుకున్న క్షణంలోనే జరిగింది. ఒక్క ఆకు కదలలేదు, ఒక్క పిట్ట లేవలేదు, బావి ఇటునుంచి అటు పడింది. ఇప్పుడా గీత తాను వీపు ఆనించుకున్న ఈ చెట్టును తాకుతోంది. హైమవతి చటుక్కున ముందుకు వంగింది, వేడి తగిలినట్టు.

కానీ దస్తావేజు ఎవరి లెక్కలో రాశారు? అది తేలకపోతే ఇది కూడా మరొక అందమైన గీతే.

“ఆ కాగితం రాసిన రోజు నువ్వున్నావా రమణమ్మా?”

“ఉన్నాను. దొరగారి గుమాస్తా ఆ గట్టు మీద కూర్చుని రాశాడు. మా మామ చెట్టుచెట్టూ చెప్పాడు, ఆయన రాసుకున్నాడు. మా మామకి వేరే లెక్క ఏడ తెలుసు?”

“మరి నాన్నగారితో చెప్పలేదేం?”

“చెప్పాను. కూతురు కాగితం మీద కట్టింది, నీ నోటిమాట ఎవడిక్కావాలి అన్నారు.”

నేరం చేసినవాళ్లకంటె ముందు నేరానికి పనిముట్టు అయినవాళ్లు తలదించుకోవాలి. అప్పుడే లోకంలో న్యాయానికి చోటుంటుంది. హైమవతి తలదించుకుంది. దించుకున్న తలలో లెక్క ఆగలేదు. రెండు గీతలు, పక్కపక్కన, ఎంతదూరం పోయినా కలవనివి, ఒకటి నిజం. తేల్చడానికి మూడో బిందువు కావాలి. ఉత్తరపు గట్టు కింది హద్దురాయి.

“రాయి ఎక్కడుందో తెలుసా?”

“పాతిన్నాడు నేను పురిట్లో ఉన్నాను. తర్వాత తుఫాను ఏడాది గట్టు ఎత్తు చేశారు, మట్టికిందికి పోయింది. అంత పొడుగు గట్టు, ఏడని తవ్వను?”

పదిహేడుకు మూడు కలిపితే ఇరవై. ఇరవైలో సగం పది. పదిహేడవ వరస, పదవ చెట్టు. కొట్టు లెక్కలో అయితే పదవ మొదలు, తోట లెక్కలో అయితే పదకొండవ మొదలు. అంత పొడుగు గట్టూ రెండు చెట్ల మొదళ్లకు కుదించుకుపోయింది. ఆమె చూడనిది, ఎవరూ ఇన్నేళ్లుగా చూడనిది, మట్టికింద చీకట్లో ఉన్న ఒక రాయి తన చిరునామా పంపినట్టుంది, రెండు సంఖ్యల్లో. భయం వేసింది. తవ్వించకపోతే సర్వేయరు తండ్రి జేబులో కాగితమే రాసుకుపోతాడు, ఎవరూ ఏమీ అనరు, బజారులో తండ్రి తల ఎత్తుకుని తిరుగుతాడు. తవ్విస్తే, పదవ మొదట్లోనే దొరికితే?

“రాయి మా నాన్నగారి లెక్కకే దొరికిందనుకో రమణమ్మా, ఇంక నీకు నోరుండదు.”

“దొరికితే దొరుకుద్ది. రాయికి నా మొహం, మీ మొహం తెలుసా?”

సైకిలు గంట వినబడింది. సర్వేయరు కోటేశ్వరరావు వచ్చాడు, వెనక కొలత గొలుసు మోస్తూ ఇద్దరు మనుషులు. అప్పటికే రాఘవయ్య కాగితం తీసి ఆయన చేతికిచ్చి చెట్లు చూపిస్తున్నాడు. హైమవతికి ఆ నూరుగజాల నడక తర్వాత గుర్తులేదు. వరసల్ని దాటుతున్నప్పుడు ప్రతి వరసలోనూ గీత ఎక్కడుందో కాలికి తెలుస్తున్నట్టుండటం మాత్రం గుర్తుంది.

“నాన్నగారూ, ఆ కాగితంలో తప్పుంది.”

రాఘవయ్య నవ్వబోయి ఆగాడు. “లెక్క తప్పా?”

“లెక్క తప్పు కాదు. మొదలుపెట్టిన చోటు తప్పు. బాట మీది చెట్టు లెక్కలోది కాదట.”

“ఎవరన్నారు?”

“రమణమ్మ.”

“ఆవిడగారు అనక ఏమంటారు? మొన్న నువ్వే కదమ్మా లెక్క కట్టి ఇచ్చావు.”

“మొన్న నేను తోట చూడలేదు. హద్దురాయి పదిహేడో వరసలో ఉండాలి, మీరు చెప్పినట్టయితే బాటనుంచి పదో మొదట్లో, రమణమ్మ చెప్పినట్టయితే పదకొండో మొదట్లో. తవ్వించండి. ఎవరి మాటా అక్కర్లేదు.”

కోటేశ్వరరావు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. “గొలుసు పరవకుండానే రాయి ఎక్కడుందో చెబుతోందే మీ అమ్మాయి. ఇంక మా ఉద్యోగాలు ఎందుకండీ రాఘవయ్యగారూ?” అని, మనుషుల్ని గునపాలు తెమ్మన్నాడు.

ముందు పదోది తవ్వమన్నాడు రాఘవయ్య. తవ్వారు. గునపం వెన్నలోకి దిగినట్టు దిగింది. మోకాలిలోతు వెళ్లారు, పక్కకు వెళ్లారు, వేళ్లు తగిలాయి, వానపాములు తగిలాయి. రాఘవయ్య ఇంకొంచెం లోతుకు అన్నాడు. ఇంకొంచెం తవ్వారు. రమణమ్మ దూరంగా నిలబడి కొంగు పళ్ల మధ్య పెట్టుకుంది. హైమవతి గోతిలోకి చూడటం లేదు. పదకొండో మొదలు దగ్గరి నేలను చూస్తోంది, గడ్డిపరకలున్న మామూలు నేలను, కింద ఏమున్నా లేకపోయినా ఒకేలా కనబడే నేలను. ఉంటే, రెండు చుక్కలిచ్చినందుకు మూడోదాన్ని చెప్పగల శక్తి నిజంగా ఉన్నట్టు. లేకపోతే, తాను ఇన్నాళ్లూ మోకరిల్లినది సుద్దపొడికి.

మనుషులు ఇటు జరిగారు. ఒక వేటు, మెత్తగా. రెండో వేటు, మెత్తగా. మూడో వేటుకు గునపం ఎగిరి, చేతుల్లో మోగింది. ఆ మోత సన్నగా, శుభ్రంగా, తోట మొత్తంలో వినబడింది. మట్టి తోసేసరికి చెక్కిన నల్లరాయి తల బయటపడింది, కదలకుండా, పిలుస్తారని ముందే తెలిసినట్టు. హైమవతి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందం కాదు, గెలిచినందుకూ కాదు. మొదటి వరసలో ఒక చెట్టు, పదమూడో వరసలో ఒక చెట్టు, పదిహేడో వరసలో ఒక రాయి, నడుమ మనుషులు పుట్టారు, పోయారు, కాలువ పూడిపోయింది, గట్టు పెరిగింది. ఆ మూడూ ఒకదాన్నొకటి వదలలేదు.

“నా కూతురు కట్టిన లెక్క అని ఊరంతా చెప్పుకున్నాను,” అన్నాడు రాఘవయ్య, రాయికేసి చూస్తూ.

“ఇప్పుడూ అదే చెప్పుకోండి నాన్నగారూ. కట్టింది నేనే.”

ఆయన సర్వేయరు చేతిలోని కాగితం తానే వెనక్కి తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. కోటేశ్వరరావు పుస్తకం తెరిచి, పెన్సిలు మొనను నాలుకకు తాకించి, బావి పడమటి భాగంలోనిది అని పైకి చదువుతూ రాసుకున్నాడు. గొలుసు మనుషులు దక్షిణానికి నడిచారు. రాఘవయ్య, బండివాడు ఈలోగా తూర్పు భాగంలోని నీడకు తోలి నిలిపిన బండి దగ్గరికి వెళ్లి, కట్టు విప్పిన ఎడ్లను చూసి, బండికింద వేలాడే చేద తీసుకుని, అలవాటు కొద్దీ బావి వైపు నడిచాడు. ఈ ఏడాదిగా ఆ బావిలో ఆయన ఎన్నిసార్లు తోడుకున్నాడో లెక్కలేదు. బావికి నాలుగడుగుల ఇవతల, ఇందాక హైమవతి కూర్చున్న చెట్టు దగ్గర, ఆయన కాళ్లు ఆగాయి. అక్కడ కంచె లేదు, గుర్తు లేదు, నేలమీద సన్నని గీతయినా లేదు. అయినా ఆగాయి.

“రమణమ్మా,” అన్నాడు. “ఎడ్లకి కాసిని నీళ్లు తోడుకోవచ్చా?”

రమణమ్మ బావి అవతల నిలబడి ఉంది. కొంగు దులుపుకుంది, కడవ చంకకెత్తుకుంది, నీళ్లలోకి ఒకసారి వంగి చూసుకుంది. రాఘవయ్య చేద పట్టుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఆమె జవాబు కోసం నిలబడ్డాడు.